పాత వంతెనకు విశ్రాంతి

పాఠ్యభాగ ఉద్దేశం

మనుషులకువలెనే కట్టడాలకు కూడ ఆయుఃప్రమాణం ఉంటుంది. కూలిపోయిన దానిని తొలగించి కొత్తదానిని నిర్మించడం అందరూ చేసే పనే. కాని నిలిచి ఉన్న దానిని, నిత్యం వేలమందిని మోస్తున్న దానిని, కూలకముందే గుర్తించి పక్కకు తప్పించడానికి శాస్త్రజ్ఞానంతోపాటు బాధ్యత కూడ కావాలి. రాజమహేంద్రవరం వద్ద గోదావరి నదిపై 1900లో వెలసిన హేవలాక్ వంతెన స్థానంలో 1997 నాటికి కాంక్రీటు కమానుల వంతెన ఎందుకు, ఏ విధంగా రూపొందిందో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

వంతెనను సంస్కృతంలో 'సేతువు' అంటారు. బంధించడం అనే అర్థం గల ధాతువునుండి ఆ మాట పుట్టింది. రెండు గట్టులను కలిపి కట్టేది కనుక అది సేతువు. వాల్మీకి రామాయణంలోని యుద్ధకాండలో, నలుని పర్యవేక్షణలో వానరులు అయిదు దినాలలో సముద్రంపై సేతువును నిర్మిస్తారు. అందుకు వారు వాడిన సామగ్రి పెకలించి తెచ్చిన మహావృక్షాలు, కొండరాళ్లు. ఆ వర్ణన కావ్యలోకానికి చెందినదే. అయినా మానవుడు వంతెన కట్టడానికి మొదట చేయి చాచింది దేనివైపో అందులో కనిపిస్తుంది. వాగుకు అడ్డంగా కూలిన చెట్టుమానుమీదుగా ఆవలిగట్టుకు నడచినవాడే బహుశః తొలి వంతెనను ఉపయోగించినవాడు.

పందొమ్మిదవ శతాబ్దంలో రైలుమార్గాలు వ్యాపించినప్పుడు కూడ ఈ కొయ్యే అక్కరకు వచ్చింది. ముఖ్యంగా అడవులు సమృద్ధిగా గల ఉత్తర అమెరికాలో లోయలమీద, వాగులమీద వేలాది కొయ్యవంతెనలు వెలశాయి. మన రైతులు పొలంలో కాపలాకోసం నాలుగు గుంజలు పాతి, అడ్డకర్రలు బిగించి మంచె వేస్తారు. అటువంటి మంచెలను వరుసగా నిలిపి, వాటిమీద దూలాలు పరచి, పట్టాలు వేస్తే అదే కొయ్య రైలువంతెన. తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో అది సిద్ధమయ్యేది. అయితే దాని ఆయుర్దాయం కూడ తక్కువే. నీటిలో నిరంతరం మునిగి ఉన్న కొయ్య చాలకాలం చెడదు. ఎల్లప్పుడూ పొడిగా ఉన్న కొయ్య కూడ చెడదు. ఒకమారు తడిసి, ఒకమారు ఆరే చోట, అంటే నీటిమట్టం పెరిగి తగ్గే గీత వద్ద, తేమా గాలీ రెండూ దొరకడం వలన బూజుజాతి జీవులు పెరిగి కొయ్యను కుళ్లబెడతాయి. దీనికి చెదపురుగు తోడవుతుంది. ఆవిరియంత్రం నుండి రాలే నిప్పురవ్వల భయం సరేసరి. కొయ్యకు తారునుండి తీసిన నూనె పట్టించి ఆయుష్షును కొంత పెంచగలిగారు గాని నాశనాన్ని నివారించలేకపోయారు. అందువలన అటువంటి వంతెనలలో కొన్నింటిని మట్టికట్టలుగా మార్చారు. కొన్నింటి స్థానంలో ఇనుప వంతెనలు, మరికొన్నింటి స్థానంలో కాంక్రీటు వంతెనలు వచ్చాయి.

కొయ్య తరువాత ఇనుము, ఉక్కు. ఆ తరువాత కాంక్రీటు. రైలువంతెనల చరిత్రలో ప్రధానమైన మజిలీలు ఇవి. వీటిలో చివరి రెండింటినీ పక్కపక్కనే చూడగల చోటు మన గోదావరి.

గోదావరిపై తొలి రైలువంతెన

కోస్తా తీరం వెంబడి రైలుమార్గం 1893-96 సంవత్సరాల మధ్య రూపుదిద్దుకున్నది. కాని గోదావరి వద్ద ఆ మార్గం తెగిపోయింది. ఒకవైపు రాజమహేంద్రవరం, ఎదుటివైపు కొవ్వూరు. నడుమ దాదాపు మూడు కిలోమీటర్ల నీరు, ఇసుక. ప్రయాణికులు ఒక గట్టున రైలు దిగి, నదిని పడవపై దాటి, ఆవలిగట్టున మరొక రైలు ఎక్కవలసి వచ్చేది. వరదకాలంలో ఆ దాటడమే ఒక సాహసం.

ఈ ఎడబాటును తొలగించడానికి 1897 నవంబరులో వంతెన నిర్మాణం ప్రారంభమైంది. అంతకుముందే కాశీ వద్ద గంగానదిపై డఫ్రిన్ వంతెనను నిర్మించి అనుభవం గడించిన గ్రాన్‌విల్ వాల్టన్ అనే ఇంజనీరు ఈ పనికి సారథ్యం వహించాడు. 1900 ఆగస్టు నాటికి రైళ్లు నదిని దాటాయి. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరును వంతెనకు పెట్టారు. వంతెనలో రెండు స్తంభాల నడిమి భాగాన్ని ఇంజనీర్లు 'స్పాను' అంటారు. హేవలాక్ వంతెనలో అటువంటి స్పాన్లు 56. ఒక్కొక్కటి 45.7 మీటర్లు. మొత్తం పొడవు సుమారు 2,754 మీటర్లు. స్తంభాలు రాతికట్టుబడి. వాటిపై పరచినవి ఉక్కుదూలాలు.

ఇసుకనదిలో ఇంత బరువైన స్తంభాలు నిలవడం ఎట్లా? పల్లెలలో ఒరలబావి తవ్వే పద్ధతి చూచినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. ఒరను నేలమీద నిలిపి, లోపలి మట్టిని తోడివేస్తూ పోతే ఒర తన బరువుతో తానే కిందికి దిగుతుంది. ఇసుకనదులలో వంతెనలకు వేసే బావిపునాదులలో ఉన్న సూత్రం ఇదే. వరదలో నది తన అడుగున ఉన్న ఇసుకను కోసుకుపోతుంది. ఆ కోత ఎంత లోతుకు చేరగలదో అంచనా వేసి, పునాదిని అంతకంటె లోతుకు దించాలి. నదిపై కనిపించే వంతెన కంటె నదీగర్భంలో దాగిన వంతెన ముఖ్యమైనది.

ఈ వంతెన తొంభై ఏడేళ్లు సేవచేసింది. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహావరద భద్రాచలం వద్ద 75.6 అడుగుల ఎత్తుకు చేరింది. ధవళేశ్వరం వద్ద ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులు. ఆ వరదకు కూడ హేవలాక్ వంతెన తలవంచలేదు.

నిలిచి ఉన్న దానిని ఎందుకు మార్చాలి?

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. అంతటి వరదకు చెక్కుచెదరని వంతెనను ఎందుకు విరమింపజేయాలి?

వంతెనకు వయస్సు సంవత్సరాలతో మాత్రమే లెక్కకు రాదు. అది మోసిన బరువులతో కూడ లెక్కకు వస్తుంది. 1900 నాటి రైలుబండికీ, శతాబ్దం చివరినాటి గూడ్సుబండికీ పోలిక లేదు. యంత్రాల బరువు పెరిగింది. పెట్టెల సంఖ్య, రైళ్ల సంఖ్య, వేగం అన్నీ పెరిగాయి. ఇనుపతీగను ఒక్కసారిగా లాగి తెంపలేని పిల్లవాడు దానిని ముందుకు వెనుకకు పదిమార్లు వంచి తుంచగలడు. రైలు వచ్చినప్పుడల్లా ఉక్కుదూలం వెంట్రుకవాసి కిందికి వంగుతుంది. రైలు పోగానే తిరిగి లేస్తుంది. లక్షలాదిమార్లు ఇట్లా జరిగితే లోహంలో కంటికి కనిపించని బీటలు పుడతాయి. దీనిని ఇంజనీర్లు లోహపు అలసట అంటారు. నీటి ఆవిరి ఎల్లవేళలా తగిలే చోట తుప్పు దీనికి తోడవుతుంది. కొయ్యకు చెద ఎటువంటిదో ఉక్కుకు తుప్పు అటువంటిది.

ఈ అలసటను కనిపెట్టడానికి రైల్వే సిబ్బంది చేసే పరీక్షలు ఎన్నో ఉన్నాయి. సంతలో కుండ కొనే ఇల్లాలు దానిని వేలితో తట్టి ధ్వనినిబట్టి మంచిచెడ్డలు తెలుసుకుంటుంది. అదేవిధంగా వారు దూలాలను కలిపే రివెట్లను సుత్తితో తట్టి, వదులైన వాటిని గుర్తిస్తారు. రంగు పెచ్చులూడిన చోట గీకి చూస్తారు. వరద తగ్గిన తరువాత స్తంభాల చుట్టూ లోతు కొలుస్తారు. అనుమానం కలిగితే రైళ్ల వేగాన్ని తగ్గిస్తారు. అయితే వేగాన్ని తగ్గించడం వైద్యం కాదు, పథ్యం మాత్రమే. పథ్యంతో ఎల్లకాలం బండిని నడపలేరు.

ఉపేక్షకు వెల ఎంతో తెలుగునేలకు తెలియనిది కాదు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ సమీపంలో వంతెన కూలి రైలు పడిపోగా వందమందికి పైగా మరణించారు. అప్పటి రైల్వేమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి నైతిక బాధ్యత వహించి రాజీనామా సమర్పించారు. ప్రధాని నెహ్రూ దానిని ఆమోదించలేదు. అదే సంవత్సరం నవంబరులో తమిళదేశంలోని అరియలూరు వద్ద అటువంటి ఘోరమే సంభవించినప్పుడు శాస్త్రి పట్టుపట్టి పదవినుండి తప్పుకున్నారు. 2005 అక్టోబరు 29న అప్పటి నల్లగొండ జిల్లాలోని వలిగొండ సమీపంలో, చెరువు తెగి వచ్చిన వరదకు చిన్న వంతెన కొట్టుకుపోయింది. ఆ తెల్లవారుజామున డెల్టా పాసింజరులో నిద్రిస్తున్న ప్రయాణికులలో వందమందికి పైగా మళ్లీ కళ్లు తెరవలేదు. వంతెన పెద్దదైనా చిన్నదైనా దానిపై నడిచే ప్రాణాల విలువ ఒక్కటే.

ఈ సంఘటనలకు తేదీలున్నాయి. కాని సకాలంలో మేలుకొని నివారించిన ప్రమాదాలకు తేదీలు లేవు. జరగని ప్రమాదానికి చరిత్రలో స్థానం ఉండదు. హేవలాక్ వంతెన చరిత్రలో గొప్ప విషయం అది నిలిచి ఉండగానే విశ్రాంతి పొందడం.

విల్లు - నారి

1974లో గోదావరిపై రెండవ వంతెన వచ్చింది. పైన రోడ్డు, కింద రైలుమార్గం గల ఆ ఉక్కువంతెన రాకపోకల ఒత్తిడిని కొంత తగ్గించింది. కాని పాత వంతెనకు ప్రత్యామ్నాయం అవసరం తీరలేదు. 1991లో మూడవ వంతెన పని మొదలైంది. ఆరేళ్లపాటు సాగిన ఆ నిర్మాణకాలంలో రాకపోకలు ఆగలేదు. కొత్త వంతెన నదిలో ఒక్కొక్క అడుగే ముందుకు సాగుతుండగా, దాపునే వృద్ధవంతెన తన పని తాను చేసుకుపోయింది. చంటిబిడ్డ నడక నేర్చేవరకు ఇంటిబరువు మోసే పెద్దదిక్కువలె అది నిలిచింది.

కొత్త వంతెనకు ఎన్నుకున్న పదార్థం కాంక్రీటు. కాంక్రీటుకు ఒక గుణం, ఒక దోషం ఉన్నాయి. తరగతిగదిలోని సుద్దముక్కను నిలువుగా నొక్కితే అది ఎంతో బలాన్ని ఓర్చుకుంటుంది. వంచితే పుటుక్కున విరుగుతుంది. కాంక్రీటు స్వభావం కూడ అటువంటిదే. నొక్కుడును భరిస్తుంది, లాగుడును భరించలేదు. దూలం వంగినప్పుడు దాని అడుగుభాగం లాగుడుకు లోనవుతుంది. అందుచేత దానిలో ఉక్కుతీగల కట్టలను అమర్చి, వాటిని గట్టిగా లాగి బిగించి, కాంక్రీటును ముందుగానే నొక్కి ఉంచుతారు. రైలు బరువు పడినప్పుడు ఆ నొక్కుడు కొంత సడలుతుందే గాని లాగుడు పుట్టదు.

ఈ సూత్రం మన పల్లెలకు కొత్తది కాదు. బండిచక్రానికి కమ్మరి ఇనుపపట్టాను ఎర్రగా కాల్చి తొడిగి, వెంటనే నీళ్లు చల్లుతాడు. చల్లారిన పట్టా కుంచించుకొని చక్రంలోని కొయ్యలన్నింటినీ ఒక్కటిగా బిగించి పట్టుకుంటుంది. బరువు పడకముందే బిగువు కల్పించడం అందులోని రహస్యం.

కొత్త వంతెన ఆకారంలో మరొక చమత్కారం ఉంది. ప్రతి స్పానుకు రెండువైపులా రెండు కాంక్రీటు కమానులు పైకి లేచి ఉంటాయి. వాటినుండి ఉక్కుతీగల వేలాడుకట్టలు కిందికి దిగి, రైలు నడిచే కాంక్రీటుపెట్టెవంటి దూలాన్ని పట్టుకుంటాయి. కమానుకు బరువు తగిలితే దాని రెండు కాళ్లూ బయటికి తన్నుకుంటాయి. ఆ తోపుడును స్తంభాలే భరించవలసి వస్తే అవి మిక్కిలి లావుగా ఉండాలి. ఇక్కడ రైలు నడిచే దూలమే కమాను రెండు కొనలనూ పట్టి ఉంచుతుంది. వంగిన వింటి కొనలు విడిపోకుండ నారి పట్టి ఉంచినట్లు, దూలం కమానును పట్టి ఉంచుతుంది. అందువలననే దీనిని వింటినారి వంతెన అనవచ్చు. మన కావ్యాలలో నారి బిగువును బట్టి వింటి శక్తిని వర్ణించడం పరిపాటి. ఇక్కడ ఆ బిగువుపైనే రైలు నడుస్తుంది.

ఈ వంతెనలో స్పాన్లు 28. ఒక్కొక్కటి 97.55 మీటర్లు. పాత వంతెనలోని 56తో పోలిస్తే సరిగ్గా సగం. నదిలో స్తంభాల సంఖ్య ఎంత తగ్గితే ప్రవాహానికి అడ్డు అంత తగ్గుతుంది. నదీగర్భంలో దించవలసిన పునాదులూ తగ్గుతాయి. రైలుబరువును మోయడానికి ఇంత పొడవైన స్పాన్లతో కాంక్రీటు కమానులను నిర్మించడం అపూర్వమైన ప్రయత్నంగా పేరుపొందింది. 1997లో నిర్మాణం పూర్తయింది. 2003 మార్చి నుండి ప్రయాణికుల రైళ్లు పూర్తి వేగంతో నడవసాగాయి. కొత్తదానిపై నమ్మకం ఒక్కరోజులో రాదు. అది పరీక్షలతో మెల్లమెల్లగా ఏర్పడాలి.

సేవ ముగిసిన తరువాత

1997లో హేవలాక్ వంతెనపై రైళ్ల రాకపోకలు ఆగిపోయాయి. కాని దానిని కూల్చివేయలేదు. గోదావరి మధ్య దాని స్తంభాలు నేటికీ నిలిచి ఉన్నాయి. 2025 జూన్‌లో 'అఖండ గోదావరి' అనే పర్యాటక పథకానికి శంకుస్థాపన జరిగింది. ఈ పాత వంతెనను సందర్శనీయ స్థలంగా తీర్చిదిద్దడం అందులో ఒక భాగం. బరువు మోయలేనంత మాత్రాన కట్టడం పనికిరానిది కాదు. జ్ఞాపకాన్ని మోయడం కూడ ఒక పనే.

అయితే కాంక్రీటు వచ్చినంతమాత్రాన సమస్య శాశ్వతంగా తీరిందని భావించరాదు. కాంక్రీటులో సన్నని పగులు ఏర్పడితే, ఆ దారిన నీరు చేరి లోపలి ఉక్కును తుప్పుపట్టిస్తుంది. తుప్పుపట్టిన ఉక్కు ఉబ్బి, పై పొరను పెచ్చులుగా ఊడదీస్తుంది. బిగించిన తీగలు కాలక్రమంలో కొంత సడలుతాయి. నదికి ముసలితనం లేదు గాని నదిపై మనిషి కట్టిన ప్రతిదానికీ ముసలితనం తప్పదు. కొయ్య పోయి ఉక్కు వచ్చింది, ఉక్కు పోయి కాంక్రీటు వచ్చింది. మారనిది ఒక్కటే, కాపలా. మంచె వేసినవాడు దానిపై కూర్చుని కన్ను వేసి ఉంచినప్పుడే పంట దక్కుతుంది.

రాత్రివేళ రైలు గోదావరి వంతెనమీదికి రాగానే చక్రాల ధ్వని మారుతుంది. కొందరు నిద్రలేచి నదికి నమస్కరించి నాణెం విసురుతారు. మరికొందరు నిద్రలోనే నది దాటుతారు. ఆ నిద్ర భంగం కాకుండ చూడటానికి ఎండలో, వానలో, పట్టాల పక్కన సుత్తి పట్టుకొని నడిచేవారున్నారు. లెక్కలు కట్టి 'ఇక చాలు' అని సకాలంలో చెప్పేవారున్నారు. వారి పేర్లు ప్రయాణికులకు తెలియవు. నిశ్చింతగా సాగిన ఆ ప్రయాణమే వారి సేవకు సాక్ష్యం.

కఠినపదాలు - అర్థాలు

ఆయుఃప్రమాణం : జీవితకాలపు కొలత
ధాతువు : క్రియాపదానికి మూలరూపం
ఎడబాటు : వియోగం, దూరమగుట
ఒర : బావి గోడగా దించే గుండ్రని చట్రం
పథ్యం : రోగి పాటించే ఆహారనియమం
ఉపేక్ష : నిర్లక్ష్యం
నారి : వింటిత్రాడు, అల్లెత్రాడు
అపూర్వం : ఇంతకుముందు లేనిది

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. హేవలాక్ వంతెనకు విశ్రాంతి కల్పించవలసిన కారణాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. కాంక్రీటు కమానుల వంతెన నిర్మాణ విశేషాలను తెలపండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. కొయ్యవంతెనలు త్వరగా శిథిలం కావడానికి కారణాలేవి?
2. లోహపు అలసట అనగానేమి?
3. బండిచక్రపు పట్టాకు, ముందుగా నొక్కి ఉంచిన కాంక్రీటుకు గల పోలిక ఏమిటి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. జరగని ప్రమాదానికి చరిత్రలో స్థానం ఉండదు.
2. జ్ఞాపకాన్ని మోయడం కూడ ఒక పనే.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 'సేతువు' అనే పదం ఏ అర్థం గల ధాతువునుండి పుట్టింది?
2. హేవలాక్ వంతెన నిర్మాణానికి సారథ్యం వహించినది ఎవరు?
3. కొత్త వంతెనలో ఎన్ని స్పాన్లు ఉన్నాయి?

భాషాంశాలు

సంధులు
శతాబ్దం = శత + అబ్దం : సవర్ణదీర్ఘసంధి
ప్రత్యామ్నాయం = ప్రతి + ఆమ్నాయం : యణాదేశసంధి

సమాసాలు
నదీగర్భం = నది యొక్క గర్భం : షష్ఠీతత్పురుష సమాసం
రాకపోకలు = రాకయును, పోకయును : ద్వంద్వ సమాసం
మహావృక్షాలు = గొప్పవైన వృక్షాలు : విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ప్రాజెక్టు పని

మీ ఊరికి సమీపంలో ఉన్న ఒక పాత వంతెనను పెద్దల వెంట సందర్శించండి. అది ఎప్పుడు, దేనితో నిర్మితమైందో, అంతకుముందు ప్రజలు ఆ వాగును ఎట్లా దాటేవారో పెద్దలను అడిగి తెలుసుకొని, ఒక పుటకు మించకుండ వ్యాసం రాయండి.